మా వాడు ఏదో ఆడతాడులెండి

ఆస్ట్రేలియాకి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఈ దేశంలో నేను చూసినదాంట్లో ముప్పాతిక భాగం మైదానం అంచున మడతకుర్చీలో కూర్చుని చూసిందే. ఒపేరా హౌసు ఎలా ఉంటుందని గుంటూరు నుంచి మా అక్క అడిగితే సరిగ్గా చెప్పలేను. సిడ్నీ శివార్లలో మేముండే బ్లాక్‌టౌన్ చుట్టుపక్కల ఏ మైదానంలో కాస్త నీడ దొరుకుతుందో, ఎక్కడ మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుందో అడగండి, ఠక్కున చెబుతాను. మా అబ్బాయి జోయెల్ బేస్‌బాల్ ఆడతాడు మరి. వాడికి పదమూడేళ్ళు. ఈ జనవరిలో, గల్ఫ్ యుద్ధం మొదలైన రోజుల్లో, వాడి జట్టు పోటీల కోసం సిడ్నీ నుంచి మెల్బోర్న్ దాకా కార్లో వెళ్ళొచ్చాం. ఆ విశేషాలు రాయమని మా అక్క పోరుతోంది. సరదాగా చెప్పుకునే యాత్ర కాదిది. అయినా రాస్తున్నాను.

క్వేకర్స్ హిల్

బేస్‌బాల్ అంటే క్రికెట్‌కి దూరపు చుట్టం. బంతిని నేలకి తగలనీయకుండా గాల్లోనే విసురుతారు. కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి రావాలి. విసిరేవాణ్ణి పిచ్చర్ అంటారు. ఆట అంతా వాడి చేతి మీదే నడుస్తుంది. జోయెల్‌కి పిచ్చర్ కావాలని పిచ్చి కోరిక. చలికాలమంతా బడి నుంచి రాగానే క్వేకర్స్ హిల్‌లో మా ఇంటి గరాజ్ గోడ మీద సుద్దతో చదరం గీసుకుని అందులోకి బంతి విసిరాడు. వంటింట్లో ఆ చప్పుడుకి నేను ఎంత అలవాటు పడిపోయానంటే, చప్పుడు ఆగితే ఏమైందోనని కిటికీలోంచి తొంగిచూసేదాన్ని.

మెల్బోర్న్ పోటీల్లో ఆట చూసి, రాష్ట్ర జట్టు ఎంపికలకి కోచ్ వారెన్ ఇద్దరు పిల్లల పేర్లు పంపుతాడని అందరికీ తెలుసు. ఆ ఇద్దరిలో తనొకడు కావాలని జోయెల్ నాతో ఒకే ఒక్కసారి అన్నాడు, అదీ గిన్నెలు తుడుస్తూ, నా ముఖం చూడకుండా. "డోంట్ టెల్ డాడ్, ఓకే?" అని కూడా అన్నాడు. వాళ్ళ నాన్నకి చెప్పకుండా ఎలా ఉంటాను? ఆ రాత్రే చెప్పాను. మా ఆయన ప్రభాకర్ రైల్వే సిగ్నళ్ళ ఇంజనీరు. జట్టుకి స్కోరు రాసేది కూడా ఆయనే. నా మాట విని, "వాడి చెయ్యి చూశావా? ఆ వయసులో అట్టా విసిరేవాణ్ణి నేను చూళ్ళేదు," అన్నారు. చీకట్లో, నాతో మాత్రమే అన్నారు.

గోల్బర్న్ దాటాక

ఆరు కుటుంబాలు, ఆరు కార్లు, పదమూడుమంది పిల్లలు. మా పాత కారులో డిక్కీ నిండా బ్యాట్ల సంచులు, నా పులిహోర డబ్బా, ఒక బిస్కెట్ల డబ్బా నిండా చేగోడీలు. ఆదివారం బయల్దేరడం వల్ల చర్చి తప్పింది. ఆ లోటు తీర్చడానికి మా ఆయన స్టీరింగు పట్టుకునే ఒక కీర్తన గట్టిగా చదివారు. వెనక కూర్చున్న జోయెల్, వాడి స్నేహితుడు బ్రెట్ నోరు మూసుకుని బుద్ధిగా విన్నారు. బ్రెట్‌కి ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివర్లో ఆమెన్ అన్నాడు.

గోల్బర్న్‌లో సిమెంటుతో కట్టిన గొర్రె ఒకటి ఉంది. రెండంతస్తుల మేడకన్నా పెద్దది. దాని కడుపులో దుకాణం, తల లోపలికి మెట్లు. మన ఊళ్ళలో నాయకులకి విగ్రహాలు కడతారు, ఇక్కడ ఉన్నిచ్చి అన్నం పెట్టిన జంతువుకి కట్టారు. ఆ పక్కనే మాంసం కూరిన పిండివంట, పై అంటారు, రెండు డాలర్ల లోపే. దానిమీద టమాటా సాసు పోసుకుని నిలబడే తినేస్తారు. కారం కోసం నాలుక వెతుక్కుంటుంది గానీ ఆకలి తీరుతుంది.

అక్కణ్ణించి కొంత దూరం వెళ్ళాక ఎత్తు ఎక్కుతుంటే మా కారు పొగలు కక్కింది. రేడియేటర్‌లో నీళ్ళు మరిగిపోయాయి. ఇక్కడ జనవరి అంటే నడివేసవి, ఎండ నెత్తి మాడుస్తోంది, ఈగలు ముక్కులోకి దూరుతున్నాయి. ఒక లారీ డ్రైవరు ఆగి, తన నీళ్ళ డ్రమ్ము దింపి, ఇంజను చల్లారేదాకా మాతోపాటు గట్టు మీద కూర్చున్నాడు. చేగోడీ ఇస్తే ఒకటి కొరికి, కళ్ళు పెద్దవి చేసి, గుప్పెడు జేబులో వేసుకున్నాడు. పేరు కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఈ దేశంలో దారి పక్క మనుషుల్లో మంచితనం ఎక్కువ, మాటలు తక్కువ.

ఆల్బరీ

మొదటి రాత్రి మకాం ఆల్బరీలో, నది ఒడ్డున ఒక కారవాన్ పార్కులో, అంటే చక్రాల గదులు అద్దెకిచ్చే చోట. చేరేసరికి పొద్దు ఇంకా బాగానే ఉంది. వారెన్ ఇనప పెనం మీద సాసేజీలు కాలుస్తున్నాడు. బ్రెట్ వాళ్ళమ్మ నోరీన్ ఉల్లిపాయలు వేయిస్తోంది. ఆవిడ బడి బస్సు నడుపుతుంది. పెద్ద గొంతు, మంచి మనసు.

ఈ నోరీన్ మొదలుపెట్టిన ఆట ఒకటి ఉంది, మా తల్లిదండ్రుల కోసం. దాన్ని ఊహాజట్ల ఆట అనుకోండి. అమెరికాలో బేస్‌బాల్ ఆడే పేరున్న ఆటగాళ్ళని మేమిక్కడ కూర్చుని వంతులవారీగా ఎంచుకుంటాం. అక్కడ వాళ్ళు కొట్టిన పరుగులు ఇక్కడ మా ఖాతాలో పడతాయి. ఆవిడ తమ్ముడు అమెరికా నుంచి పంపే పేపర్లు మూడు వారాలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి, అక్కడ ఎప్పుడో ఓడిపోయిన ఆటకి మేమిక్కడ తీరిగ్గా చప్పట్లు కొడుతూ ఉంటాం. జట్టు లేదు, మైదానం లేదు, ఉన్నదల్లా పౌరుషం. మా ఆయన లాంటి నెమ్మదస్తుడు కూడా ఆ పేపర్లు వచ్చిన రోజు కాఫీ చల్లారబెట్టుకుంటారు.

ఆ సాయంత్రం నోరీన్ కొత్తగా ఒక మాట అంది. "ఈసారి అమెరికావాళ్ళు ఎందుకు? మన పిల్లల్నే ఎంచుకుందాం." కుటుంబానికి ఇద్దరేసి. సొంత బిడ్డని ఎంచుకోకూడదు. ఎంచుకున్న పిల్లల కోసం గట్టిగా అరవాలి, ఆట అయ్యాక వాళ్ళకి పుల్లైసు కొనివ్వాలి. పిల్లలు వినగానే గెంతులేశారు. తనని ఎవరు ఎంచుకుంటారోనని ఒక్కొక్కడూ మెడ సాచి చూస్తున్నాడు.

మా ఆయన మొదటే బ్రెట్‌ని ఎంచుకున్నారు. నోరీన్ రెండో వంతు వచ్చేసరికి మా వైపు తిరిగింది. ఇక్కడివాళ్ళకి ప్రభాకర్ అంటే ప్రాబ్.

"ప్రాబ్, మీ జోయెల్ ఈమధ్య ఎలా విసురుతున్నాడు? వాణ్ణి తీసుకోనా?"

మా ఆయన నవ్వి, చెయ్యి అడ్డంగా ఊపారు. "నో, నో. ఏదో ఆడతాడు. హీ ఈజ్ జస్ట్ యావరేజ్. నీ వంతు వేస్ట్ చేసుకోకు."

"ఫెయిర్ ఎనఫ్," అని ఆవిడ ఇంకో పిల్లాడి పేరు చెప్పింది.

ఇది చదివే మీకు ఆ మాటకి అర్థం చెప్పక్కర్లేదు. కన్నబిడ్డని నలుగురిలో పొగిడితే దిష్టి తగులుతుందని మనం పుట్టినప్పటి నుంచీ వింటున్నాం. మేము చర్చికి వెళ్ళేవాళ్ళం, దిష్టి నమ్మం, తీయించం. అయినా పొగడం. మనం "ఏదో ఆడతాడులెండి" అంటే ఎదుటివాళ్ళు "అబ్బే, అట్టా అనకండి, బాగా ఆడతాడు" అనాలి. అది వాళ్ళ వంతు. నోరీన్‌కి అలాంటి వంతు ఒకటి ఉందని ఎవరు చెప్పారు?

పన్నెండుమంది పేర్లు అయిపోయాయి. పదమూడోవాడుగా మా జోయెల్ మిగిలాడు. ఎవరూ చెడ్డ మనసుతో చెయ్యలేదు, అసలు గమనించనే లేదు. మా ఆయనా గమనించలేదు, ఆయన తన రెండోవాడి పేరు చెప్పి మురిసిపోతున్నారు. జోయెల్ సాసేజీ చుట్టిన బ్రెడ్డు ముక్క చేత్తో పట్టుకుని, అది తినకుండా నది వైపు నడిచాడు.

అంతటితో అయిందా? ప్లేట్లు కడిగే చోట వారెన్ మా ఆయన్ని పక్కకి పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను.

"ప్రాబ్, ఎంపికలకి మీవాడి పేరు రాయనా? ఆదివారాలు వెళ్ళాలి, దూరాలు. మీ ఇద్దరికీ ఇష్టమేనా?"

మా ఆయన ముఖం వెలిగింది. వెలిగిన ముఖంతోనే, "అయ్యో, ముందు మిగతా పిల్లలకి చాన్స్ ఇవ్వండి. వాళ్ళు మావాడికన్నా బెటర్," అన్నారు. వారెన్ తల ఊపి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఎందుకట్టా అన్నారు?" అన్నాను, ఒళ్ళు మండి.

"అడగ్గానే ఎగిరి గంతేస్తే ఏం బాగుంటుంది? మర్యాద ఉండొద్దూ? మళ్ళీ అడుగుతాడులే. అయినా ఆయనకి కళ్ళున్నాయిగా."

అన్నం వడ్డించేటప్పుడు మనం వద్దువద్దంటూనే చెయ్యి విస్తరికి కాస్త పక్కగా పెడతాం చూడండి, సరిగ్గా అలాంటి వద్దు అది. ఈ దేశంలో వద్దంటే గిన్నె లోపలికి వెళ్ళిపోతుంది. తొమ్మిదేళ్ళుగా ఎన్ని ఇళ్ళలో అలా ఆకలితో లేచి వచ్చామో ఆయనకీ తెలుసు.

మెల్బోర్న్

మెల్బోర్న్‌లో శకుంతల ఆంటీ ఇంట్లో దిగాం. ఆవిడది కాకినాడ. భర్త యూనివర్సిటీలో చెప్పి రిటైరయ్యారు. మేము అడుగు పెట్టేసరికి పప్పుచారు, వంకాయ కూర సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ జోయెల్ తల నిమిరి, "ఏవయ్యా, మీవాడు బంతాట బాగా ఆడతాడటగా?" అని మా ఆయన్ని అడిగారు.

"ఏదో ఆడతాడులెండి ఆంటీ," అన్నారు ఈయన.

"మరే! అంటే దంచేస్తున్నాడన్నమాట," అని ఆవిడ వాడి కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేశారు.

జోయెల్ అన్నం కలపడం ఆపాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తాడు. చేతులు కడుక్కునేటప్పుడు నా దగ్గరికొచ్చి, ఆవిడకి ఆ అర్థం ఎలా వచ్చిందని అడిగాడు. మనవాళ్ళు అలాగే మాట్లాడతారు నాన్నా, కాదన్నారంటే అవునని, అని చెప్పాను. 

"దెన్ వాట్ డస్ హీ సే వెన్ సమ్‌వన్స్ యాక్చువల్లీ బ్యాడ్?"

నిజంగా ఆడలేనివాడి గురించి నాన్న ఏమంటాడు?  అప్పుడూ ఆ మాటే అంటారని వాడికెలా చెప్పను?

గాలి మైదానం

పోటీలు జరిగింది ఊరికి బాగా పడమటగా. ఆ పక్కన ట్రుగనీనా అని ఒక చోటు ఉంది. ఊరనడానికి లేదు. కనుచూపు మేర ఎండిన గడ్డి, ముళ్ళమొక్కలు, నల్లరాళ్ళు పేర్చిన పొట్టి గోడలు. గాలికి అడ్డం లేదు. ఉదయం నిప్పులు చెరిగే గాలి, మధ్యాహ్నానికి దిక్కు మారి స్వెట్టరు వెతుక్కునే చలి. ఒక్కరోజులో రోహిణి కార్తె, ధనుర్మాసం రెండూ చూపించే చోటు ఇదొక్కటే అనుకుంటాను.

మొదటి రెండు రోజులూ జోయెల్‌ని మైదానం చివర, బంతి ఎప్పుడో గానీ రాని చోట నిలబెట్టారు. బ్రెట్ పిచ్చర్. మా ఆయన స్కోరు బల్ల దగ్గర నుంచి లేచి, "గుడ్ ఆన్ యూ బ్రెట్! బ్యూటిఫుల్ బ్రెట్!" అని గొంతు చించుకుని అరిచారు. ఆట నియమం అది, తప్పు పట్టడానికి లేదు. దూరాన నిలబడ్డ మావాడు ప్రతి అరుపుకీ ఇటు తిరిగి చూశాడు. వాడి వంతు వచ్చి బంతి కొట్టినప్పుడు మాత్రం ఆయన తలొంచుకుని స్కోరు రాసుకున్నారు. నేను అరిచాను. తల్లి అరుపు లెక్కలోకి రాదు.

ఆట అయ్యాక పుల్లైసులు. ఎవరి పిల్లల్ని వాళ్ళు పిలిచి ఇస్తున్నారు, భుజం తడుతున్నారు, ఫొటోలు. జోయెల్ వెళ్ళి నీళ్ళ పంపు దగ్గర సీసా నింపుకున్నాడు. అది నిండాక కూడా పంపు కట్టలేదు. నేను పరిగెత్తి ఒక పుల్లైసు కొనుక్కొచ్చి ఇచ్చాను. "ఇట్స్ నాట్ ద సేమ్, మమ్," అన్నాడు. తీసుకున్నాడు, మర్యాద కోసం కాస్త తిన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని ఎండ మీద నెపం పెట్టాను.

చివరి రోజు

చివరి రోజు బ్రెట్ చెయ్యి నొప్పి అన్నాడు. వారెన్ చుట్టూ చూసి, "జో, నువ్వు విసురు," అన్నాడు.

ఆ ఆట గురించి ఎలా చెప్పాలో నాకు తెలియదు. ఎదురు జట్టు పిల్లలు మావాడికన్నా జానెడు పొడుగు. ఒకడి తర్వాత ఒకడు వచ్చి, గాల్లో బ్యాటు ఊపి, వెళ్ళి బల్ల మీద కూర్చున్నారు. గాలి అడ్డంగా కొడుతోంది, అయినా వాడి బంతి గరాజ్ గోడ మీది చదరంలోకి వెళ్ళినట్టే వెళ్ళింది. అవతలి వైపు తల్లులు కూడా నిలబడి చూశారు. మేము గెలిచాం. కప్పు రాలేదు, అంతకుముందు ఓడినవి ఉన్నాయి కాబట్టి. కానీ ఆ ఒక్క ఆట మావాడిది.

నోరీన్ మా ఆయన వీపు మీద ఫట్‌మని చరిచింది. "యావరేజా! ప్రాబ్, నువ్వు నన్ను ముంచేశావు కదయ్యా! ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

వాడు రెండడుగుల దూరంలో చేతి తొడుగు విప్పుకుంటున్నాడు. వాళ్ళ నాన్న ముఖంలోకే చూస్తున్నాడు. ఇప్పుడైనా అంటారనుకున్నాను.

"లక్, లక్," అన్నారాయన సిగ్గుపడుతూ. "గాలి కలిసొచ్చింది."

ఆ తర్వాత వారెన్ అందర్నీ కూర్చోబెట్టి పేర్లు చదివాడు. బ్రెట్, ఇంకో పిల్లాడు. చప్పట్లు. జోయెల్ కూడా కొట్టాడు. మా ఆయన మాత్రం కొట్టలేదు. చదివే పేర్లు ఇంకా ఉన్నాయేమోనని చూస్తున్నట్టు నిలబడిపోయారు. చివరికి వారెన్ దగ్గరికి వెళ్ళి, "మా వాడు..." అని ఆగారు. నలభై ఐదేళ్ళ మనిషికి ఆ వాక్యం పూర్తి చెయ్యడం రాలేదు.

"పేర్లు నిన్న సాయంత్రమే ఫోన్లో ఇచ్చేశాను, మేట్," అన్నాడు వారెన్ మెల్లగా. "ముందు వేరేవాళ్ళకి చాన్స్ ఇవ్వమన్నావుగా. వాళ్ళే బెటర్ అన్నావు. మళ్ళీ అడగడం బాగుండదని ఊరుకున్నాను."

బ్యాట్ల సంచి మోసుకెళ్తున్న జోయెల్ ఆ మాటలు విన్నాడు. ఆగలేదు. సంచి కారులో పెట్టి, తలుపు వేసుకుని కూర్చున్నాడు.

వాంగరట్టా దగ్గర

తిరుగు ప్రయాణంలో బ్రెట్ మా కారు వదిలి వాళ్ళమ్మ కారెక్కాడు. వెనక సీట్లో మావాడు ఒక్కడే, చెవులకి వాక్‌మన్ తగిలించుకుని. రేడియోలో యుద్ధం.  గుంటూరులో అయితే ఇంట్లో ఇలాంటిది జరిగితే అరుపులు, ఏడుపులు, పక్కింటి పెద్దమ్మ రావడం, రాత్రికి చల్లబడటం. ఇక్కడ మైళ్ళకి మైళ్ళు ఖాళీ రోడ్డు. కోపం దిగిపోవడానికి ఎక్కడా ఊరు రాదు.

వాంగరట్టా దగ్గర రోడ్డు పక్కన ఒక ముసలాయన తన తోట పీచ్ పళ్ళు అమ్ముతున్నాడు. నూగు చర్మం, లోపల రసం. బుట్ట మూడు డాలర్లు. ఇటలీ నుంచి వచ్చి నలభై ఏళ్ళయిందట. ఆయన కారు వైపు చూసి, వెనక అద్దంలో కనిపిస్తున్న బ్యాటు చూపించి, "పిల్లాడు బాల్ ఆడతాడా?" అన్నాడు.

"ఆడతాడు," అన్నారు మా ఆయన. నేను పళ్ళు ఏరుతున్నాను. "సార్, వాడు విసిరితే పెద్ద పిల్లలు కూడా ముట్టుకోలేరు. చలికాలమంతా ఒక్కరోజు మానలేదు. వానలో కూడా విసిరాడు. నిన్న గాలిలో విసిరాడు, మీరు చూసి ఉండాల్సింది. వాడంత ఓపిక నాకు లేదు, మా నాన్నకి లేదు. ఎక్కడ నుంచి వచ్చిందో తెలియదు."  ఆ ముసలాయన చిల్లర లెక్కపెట్టడం ఆపి, పెద్దమనిషిలా తల ఊపుతూ విన్నాడు. ఇంకెప్పుడూ కనిపించని మనిషి. కారు అద్దాలు మూసి ఉన్నాయి. మావాడు అటు తిరిగి పొలాలు చూస్తున్నాడు.

"ఆ మాట లోపలికొచ్చి వాడికి చెప్పండి," అన్నాను.

"వాడి ముఖం చూస్తే నోరు పెగలదు సువార్తా," అన్నారు. మంచి పళ్ళు నాలుగు ఏరి వాడి పక్కన సీటు మీద పెట్టారు. ఇంటికొచ్చేదాకా అవి అక్కడే ఉన్నాయి, ఎండకి మెత్తబడిపోయాయి.

ఇల్లు

ఉండబట్టలేక మర్నాడు నేనే వాడికి చెప్పాను, నాన్న పళ్ళ తోట దగ్గర ఏమన్నారో, పొల్లు పోకుండా. వాడు మంచం మీద పడుకుని కప్పు కేసి చూస్తున్నాడు.

"హీ టోల్డ్ ద పీచ్ బ్లోక్?" అన్నాడు, ఆ పళ్ళమ్మే ఆయనకా చెప్పింది అన్నట్టు. తర్వాత, "గుడ్ ఫర్ ద పీచ్ బ్లోక్," అని గోడ వైపు తిరిగాడు.

శనివారం ప్రాక్టీసుకి రానన్నాడు. బతిమాలాను, కేకలేశాను, చివరికి ఊరుకున్నాను. స్కోరు రాసే బాధ్యత ఒప్పుకున్నారు కాబట్టి మా ఆయన ఒక్కరే వెళ్ళారు. మధ్యాహ్నం తిరిగొచ్చి, గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటూ, "వారెన్‌తో చెప్పాను," అన్నారు.

"ఏమని?"

"నీ జట్టులో అందరికన్నా మావాడే బాగా విసురుతాడు, ఆ రోజు నేనన్నది నిజం కాదు, అని."

పెళ్ళయిన పదహారేళ్ళలో ఆయన నోటి వెంట నలుగురిలో అలాంటి మాట రాలేదు. లోపల గదిలో మావాడు ఉన్నాడు, తలుపు వేసి ఉంది. నేను గొంతు తగ్గించి అడిగాను.

"వారెన్ ఏమన్నాడు?"

ఆయన రెండో బూటు కూడా విప్పి మొదటిదాని పక్కన పెట్టారు.

"నాకు తెలుసు, మేట్, అన్నాడు."